పరీక్ష చేయని బోరు పచ్చరంగులోకి ఎలా వచ్చింది

నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక ఊర్లో వేపచెట్టు కింద మ్యాపు పరిచి చూపిస్తున్నాం. ఊరి బోర్లన్నీ చుక్కలుగా పెట్టాం. ఎర్రచుక్క ఉంటే ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, తాగొద్దు. పచ్చచుక్క ఉంటే పర్వాలేదు. ఒక పెద్దాయన, మోకాళ్లు వంగక నిలబడే చూస్తున్నాడు, చేతికర్ర తీసి ఒక పచ్చచుక్క మీద పెట్టి అడిగాడు: "బిడ్డా, ఇది మా బోరే గదా. మా బోరు నీళ్లు ఎవలు పట్టుకపోయిన్రు? ఎప్పుడు చూసిన్రు?"

ఎవరూ పట్టుకపోలేదు. ఆ రోజు సాయంత్రం లాప్‌టాప్ తెరిచి చూస్తే తెలిసింది, ఆ బోరు పేరు లిస్టులో ఉంది గానీ శాంపిల్ తీయనే లేదు, ఫలితం గడి ఖాళీగా ఉంది. ఆ ఖాళీ గడిని పచ్చచుక్కగా మార్చింది డేటాబేసును ప్రశ్నలు అడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో నేను రాసిన ఒకే ఒక్క లైను:

కేస్ వెన్ ఫ్లోరైడ్ > 1.5 దెన్ 'ఎరుపు' ఎల్స్ 'పచ్చ' ఎండ్

అంటే ఫ్లోరైడ్ 1.5 దాటితే (వెన్) ఎరుపు, లేకపోతే (ఎల్స్) పచ్చ. చూడ్డానికి ఇందులో తప్పేమీ కనిపించదు. రన్ చేస్తే ఎర్రర్ రాదు. నేను నేర్చుకున్న కోర్సులో కేస్ గురించి చెప్పిన ఉదాహరణ కూడా అచ్చం ఇలాగే ఉండేది, మార్కులు 35 దాటితే పాస్, లేకపోతే ఫెయిల్. పరీక్షకే రాని పిల్లవాడి సంగతి ఆ ఉదాహరణలో లేదు, క్లాసులో ఎవరమూ అడగనూ లేదు. ఆ మ్యాపు వేయించిన సంస్థకు నేను డేటా పని చేసిపెట్టింది కొన్ని నెలలే, కానీ ఆ కర్ర మొన ఆ చుక్క మీద ఆగిన క్షణం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంటుంది. అప్పటి నుంచి క్వెరీలో, అంటే డేటాబేసును అడిగే ప్రశ్నలో, షరతు రాసే ప్రతిసారీ నేను ముందు ఎల్స్ దగ్గరికి వెళ్తాను. నేను గట్టిగా నమ్మేది, ఇక్కడ వాదించబోయేది ఒకటే: మనకు తెలియనిదాన్ని "లేదు" అనో "సున్నా" అనో "బాగుంది" అనో మార్చే హక్కు క్వెరీ రాసేవాడికి లేదు. తెలియనిది తెలియనిదిగానే బయటికి రావాలి, చూసేవాళ్ల కంటికి కనపడాలి.

నల్గొండ వాళ్లకు ఫ్లోరైడ్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. మన నేల కింద ఉన్న గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉంటాయి, నీళ్లు వాటితో ఎంత ఎక్కువకాలం తగిలి ఉంటే అంత ఎక్కువ కరుగుతుంది, బోరు లోతు పెరిగేకొద్దీ చాలాచోట్ల సమస్య ముదిరింది. భారత ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో 1 మిల్లీగ్రాము వరకు ఉండొచ్చు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ తయారుచేసింది, దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరు పెట్టారు. జిల్లా పేరు అలా సైన్సులోకి ఎక్కింది. పళ్లు గారపట్టి, ఎముకలు వంగి, నడుము ఎత్తలేని మనుషులను చూస్తూ పెరిగినవాళ్లం మేం. అలాంటి చోట పరీక్ష చేయని బోరును "పర్వాలేదు" అని చూపించడం ఎంత పెద్ద తప్పో నాకు ఎవరూ విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

అసలు లోపల ఏం జరుగుతుందో చెప్తాను. డేటాబేసులో ఖాళీ గడిని నల్ అంటారు. అది సున్నా కాదు, అక్షరాలేవీ లేని ఖాళీ పదమూ కాదు, "ఇక్కడ విలువ ఏదో మాకు తెలియదు" అనే గుర్తు. (ఒరాకిల్ అనే డేటాబేసు ఖాళీ పదాన్ని కూడా నల్‌గానే తీసుకుంటుంది, అది ఇంకో తలనొప్పి.) మీరు "నల్ 1.5 కన్నా ఎక్కువా?" అని అడిగితే డేటాబేస్ అవును అనదు, కాదు అనదు, "తెలియదు" అంటుంది. అంటే ఎస్‌క్యూఎల్‌లో జవాబులు మూడు. ఇక్కడ డేటాబేస్ నిజాయితీగానే ఉంది. కానీ కేస్ వెన్ మాత్రం "అవును" అన్నదాన్నే లోపలికి రానిస్తుంది. "కాదు", "తెలియదు" రెండూ కలిసి ఎల్స్‌లో పడతాయి. మూడు జవాబులు రెండైపోయేది సరిగ్గా ఆ గడప దగ్గరే. ఎల్స్ అసలు రాయకపోతే నల్ వస్తుంది, అది కొంత నయం, కానీ దాన్ని తర్వాత ఎవరో ఒకరు మళ్లీ సున్నా చేస్తారు.

వరుసలను ఏరే వేర్ కూడా అంతే, "అవును" అన్న వరుసలనే ఇస్తుంది. అందుకే "జిల్లా <> 'నల్గొండ'" అని, అంటే నల్గొండ కానివి అని, రాస్తే జిల్లా గడి ఖాళీగా ఉన్న వరుసలు రావు. "జిల్లా = 'నల్గొండ'" అని రాసినా రావు. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి కూడితే మొత్తానికి సరిపోదు, మధ్యలో కొందరు మనుషులు ఎటూ కాకుండా పోతారు. విచిత్రం ఏమిటంటే, తప్పు విలువలు టేబుల్‌లోకి రాకుండా ఆపే చెక్ కన్‌స్ట్రెయింట్ దీనికి పూర్తిగా తలకిందులు. "తేమ <= 17" అని చెక్ పెడితే, తేమ నల్ అయిన వరుసను అది ఆపదు. అక్కడ "కాదు" అన్నదాన్నే బయట ఆపుతుంది, "తెలియదు" అన్నదాన్ని లోపలికి రానిస్తుంది. లోపలికి వచ్చేటప్పుడు అడ్డుపడని వరుస, బయటికి తీసేటప్పుడు కనపడకుండా పోతుంది. ఈ ఒక్క ముక్క తెలియక ఎన్ని రిపోర్టులు తప్పుపోతున్నాయో!

ఐబీఎంలో పనిచేసిన కాడ్ 1970లో డేటాను టేబుళ్లుగా పెట్టే రిలేషనల్ నమూనా రాశాడు, అక్కడే ఛాంబర్లిన్, బాయిస్ 1974లో సీక్వెల్ భాషను బయటపెట్టారు, అదే తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది. కేస్ ప్రామాణికంలోకి వచ్చింది 1992లో. ఒరాకిల్ వాళ్లకు కేస్ లాంటి పనే చేసే డీకోడ్ అనే ఫంక్షన్ ఉంది, ఇప్పటికీ పాత కోడులో కనిపిస్తుంది. ఈ చరిత్ర ఎందుకు చెప్తున్నానంటే, డీకోడ్ రెండు నల్‌లను సమానం అనుకుంటుంది, కేస్ అనుకోదు. పాత డీకోడ్‌ను కొత్తగా కేస్‌లోకి మార్చేవాళ్లు "కేస్ ఫ్లోరైడ్ వెన్ నల్ దెన్ 'పరీక్ష కాలేదు'" అని రాస్తారు, అది ఎప్పటికీ తగలదు, ఎందుకంటే లోపల అది "ఫ్లోరైడ్ = నల్" అని అడుగుతుంది, దానికి జవాబు ఎప్పుడూ "తెలియదు" మాత్రమే. "వెన్ ఫ్లోరైడ్ ఈజ్ నల్" అని విడిగా రాయాలి. నా సలహా అయితే దాన్నే మొట్టమొదటి వెన్‌గా రాయమని. ఎందుకంటే కేస్ పైనుంచి కిందికి చూసి మొదట తగిలినదాన్ని పట్టుకుని ఆగిపోతుంది. 1 దాటితే 'జాగ్రత్త' అని ముందు రాసి, 1.5 దాటితే 'ఎరుపు' అని తర్వాత రాస్తే, 4 ఉన్న బోరు కూడా 'జాగ్రత్త' దగ్గరే ఆగిపోతుంది. ఎరుపు ఒక్కటీ రాదు, ఊరంతా సంతోషిస్తుంది.

వడ్ల దగ్గరికి వస్తాను, మనవాళ్లకు ఇది ఇంకా దగ్గరి విషయం. మిర్యాలగూడ చుట్టూ సాగర్ ఎడమ కాలువ కింద పండే వడ్లు, ఆ మిల్లులు, కొనుగోలు సెంటర్ల ముందు రోడ్ల మీద ఆరబోసిన కుప్పలు చూడనివాళ్లు ఉండరు. సెంటర్లో తేమ మిషన్ పెట్టి చూస్తారు, 17 శాతం లోపు ఉండాలి. ఒక కుప్పకు 16, ఇంకోదానికి 18 వచ్చింది, మూడోదానికి మిషన్ బ్యాటరీ అయిపోయి ఏమీ రాయలేదు అనుకుందాం. సగటు అడిగితే ఎస్‌క్యూఎల్ నల్‌ను పక్కనపెట్టి 17 అంటుంది. ఇప్పుడు ఎవరో "ఖాళీలు చూడ్డానికి బాగోలేదు" అని కోఅలెస్ అనే ఫంక్షన్ పెట్టి ఖాళీ ఉన్నచోట సున్నా వేశారు. సగటు 11.33 అవుతుంది. సున్నా శాతం తేమ ఉన్న వడ్లు భూమ్మీద ఎక్కడా ఉండవు, కానీ రిపోర్టు ముద్దుగా ఉంటుంది. ఖాళీ గడి కనపడితే మనకు సిగ్గనిపిస్తుంది, పని పూర్తి చేయలేదేమో అనుకుంటారని భయం. ఆ సిగ్గుకు కోఅలెస్ సున్నా ఒక ముసుగు. కోఅలెస్ చెడ్డది అనడం లేదు, ఫోన్ నంబరు లేకపోతే 'నంబరు లేదు' అని చూపించడానికి వాడండి, లెక్కలోకి వెళ్లే గడిలో మాత్రం వాడేముందు పదిసార్లు ఆలోచించండి.

ఇంకా ఘోరం నాట్ ఇన్. డబ్బులు పడని రైతుల లిస్టు కావాలి. "టోకెన్ నంబరు చెల్లించిన లిస్టులో లేనివాళ్లు" అని మామూలుగా ఎవరైనా రాస్తారు, టోకెన్ నాట్ ఇన్ అని. చెల్లించిన లిస్టులో వేల వరుసలు ఉన్నా సరే, అందులో ఒక్కదానికి టోకెన్ నంబరు ఎక్కించడం మర్చిపోతే చాలు, మీ క్వెరీ ఒక్క పేరు కూడా ఇవ్వదు. ఎందుకంటే ప్రతి రైతు టోకెన్‌నూ ఆ నల్‌తో కూడా పోల్చాలి, పోలిస్తే "తెలియదు" వస్తుంది, "తెలియదు" అంటే వరుస రాదు. రిపోర్టు ఖాళీగా వస్తుంది. ఖాళీ రిపోర్టు అంటే పై వాళ్లకు అర్థం ఏమిటి? బాకీ ఎవరికీ లేదు, అందరికీ డబ్బులు పడ్డాయి. అక్కడ బ్యాంకు పాసుబుక్కు పట్టుకుని వారం నుంచి తిరుగుతున్న రైతు ఉంటాడు, ఇక్కడ స్క్రీను మీద సున్నా వరుసలు. అందుకే నాట్ ఇన్ వదిలేసి నాట్ ఎగ్జిస్ట్స్ (అలాంటి వరుస ఒక్కటీ లేదా అని అడిగేది) రాయండి, అది ఈ గుంతలో పడదు. ఇది అలవాటు చేసుకోమని నేను ఎవరితోనైనా వాదిస్తాను.

ప్రతిచోటా ఎల్స్ రాయాలి అని గుడ్డిగా చెప్పడం లేదు నేను. సన్నాలు పోసిన రైతులు ఎందరో లెక్కపెట్టడానికి కౌంట్ లోపల "కేస్ వెన్ రకం = 'సన్న' దెన్ 1 ఎల్స్ 0 ఎండ్" అని రాస్తే, కౌంట్ నల్‌ను మాత్రమే వదిలేస్తుంది, సున్నాలను కూడా లెక్కపెడుతుంది, దొడ్డు వడ్లు పోసినవాళ్లందరూ సన్నాల్లోకి వచ్చేస్తారు. అక్కడ ఎల్స్ తీసేయాలి, లేదా కౌంట్ బదులు కూడిక చేసే సమ్ వాడాలి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసులో ఫిల్టర్ అని ఇంకా శుభ్రమైన దారి ఉంది. అలాగే ఎకరానికి ఎంత పండిందో లెక్కేసేటప్పుడు ఎకరాల గడిలో సున్నా ఉంటే భాగహారం పగిలిపోతుంది, దాన్ని నల్ఇఫ్ పెట్టి నల్ చేయడం సరైన పని. సున్నా ఎకరాల్లో వడ్లు పండవు కాబట్టి అక్కడ సున్నా అంటే అసలు అర్థం తెలియదు అనే కదా.

ఆండ్, ఆర్ గురించి ఒక్క ముక్క. "జిల్లా = 'నల్గొండ' ఆర్ జిల్లా = 'సూర్యాపేట' ఆండ్ రకం = 'సన్న'" అని రాస్తే, ఆండ్ ముందు జరుగుతుంది. నల్గొండ వడ్లన్నీ వస్తాయి, సూర్యాపేటవి సన్నాలే వస్తాయి. బ్రాకెట్లు పెట్టండి, అంతే.

ఇప్పుడు నాకు ఎక్కువ గొడవ ఉన్న విషయం. మారే షరతులను కేస్ లోపల రాసి పెట్టడం. వడ్ల మద్దతు ధర 2024-25 సీజనుకు క్వింటాలుకు మామూలు రకం 2300, ఏ గ్రేడ్ 2320. 2025-26కు 2369, 2389. 2024 వానాకాలం నుంచి రాష్ట్రంలో సన్నాలకు క్వింటాలుకు 500 బోనస్ ప్రకటించారు. ఈ అంకెలను కేస్ వెన్‌లో రాస్తే ఆ రోజుకు పని అయిపోతుంది. మర్నాడు అదే కేస్‌ను ఇంకో రిపోర్టులోకి కాపీ చేస్తారు, తర్వాత ఇంకోదాంట్లోకి. ఏడాది తిరిగి ధర మారినప్పుడు పది చోట్ల మార్చాలి, తొమ్మిదే గుర్తుంటాయి. పైగా పాత సీజను లెక్క మళ్లీ తీస్తే కొత్త ధర పడుతుంది. ధర, రకం, ఏ తేదీ నుంచి, ఏ తేదీ వరకు అని చిన్న టేబుల్ పెట్టి దాంతో జాయిన్ చేస్తే, అంటే రెండు టేబుళ్లను కలిపితే, ఈ గోల ఉండదు. షరతు అప్పుడు డేటా అవుతుంది, కోడు తెలియని మనిషి కూడా తెరిచి చదవగలడు, తప్పుంటే చెప్పగలడు.

దీనికి మన జిల్లాలకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 2016 అక్టోబర్ 11, దసరా రోజు, తెలంగాణ 10 జిల్లాలు 31 అయ్యాయి. పాత నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరుపడ్డాయి. పాత మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల వచ్చాయి, షాద్‌నగర్ రంగారెడ్డికి పోయింది, కొడంగల్ వికారాబాద్‌కు పోయింది. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట కూడా వేరు జిల్లా అయింది. అంటే మీ టేబుల్‌లో "మహబూబ్‌నగర్" అని రాసి ఉంటే, ఆ వరుస ఏ తేదీదో చూడకుండా దాని అర్థం చెప్పలేరు, ఆ ఒక్క పేరు కింద మూడు వేర్వేరు నేలలు ఉన్నాయి. 2015 మహబూబ్‌నగర్‌నూ 2020 మహబూబ్‌నగర్‌నూ పక్కపక్కన గ్రాఫు గీసి "పాలమూరులో సాగు పడిపోయింది" అని ఎవరైనా రాస్తే, పడిపోయింది సాగు కాదు, జిల్లా సరిహద్దు గీత పక్కకు జరిగింది. నేను ఇలాంటి గ్రాఫు ఒకటి చూశాను, దాని వెనక క్వెరీ కూడా చూశాను. మండలాల పేర్లు పెట్టి అరవై లైన్ల కేస్, చివర "ఎల్స్ 'మహబూబ్‌నగర్'". స్పెల్లింగ్ తేడా వచ్చిన ప్రతి మండలం, కొత్తగా ఏర్పడిన ప్రతి మండలం, గడి ఖాళీగా ఉన్న ప్రతి వరుస, అన్నీ వెళ్లి మహబూబ్‌నగర్‌లో పడ్డాయి. ఎల్స్‌ను చెత్తకుండీగా వాడితే ఆ చెత్త ఒక జిల్లా నెత్తిన పడింది. అది రాసినవాళ్లకు పాలమూరు మీద కోపం ఏమీ లేదు, చివర ఏదో ఒకటి రాయాలి కదా అని రాశారు. మండలం, జిల్లా, ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు అని నాలుగు గడుల టేబుల్ పెట్టి, లెఫ్ట్ జాయిన్ (జత దొరకని వరుసనూ ఉంచే జాయిన్) చేసి, జిల్లా దొరకని వరుసలను "జిల్లా తేలలేదు" అని విడిగా చూపిస్తే ఆ అరవై లైన్లూ అక్కర్లేదు. (లెఫ్ట్ జాయిన్ చేసేటప్పుడు తేదీ షరతును జాయిన్ షరతులు రాసే ఆన్ భాగంలో పెట్టండి. వేర్‌లో పెడితే దొరకని వరుసలు మళ్లీ మాయమవుతాయి, చేసిన పనంతా వృథా.)

కొందరు మిత్రులు అంటారు, ఈ షరతులన్నీ క్వెరీలో ఎందుకు, అప్లికేషన్ కోడులో పెట్టుకో, డేటాబేస్ ఉట్టి అంకెలు ఇస్తే చాలు అని. వాళ్ల మాటలో న్యాయం ఉంది. జావాలోనో పైథాన్‌లోనో టెస్టులు రాయడం సులువు, చదవడం సులువు, వంద లైన్ల కేస్‌ను ఎవరూ ప్రేమించరు. కానీ మన దగ్గర జరిగేది ఏమిటి? అదే డేటాను వెబ్‌సైటు ఒకలా చూపిస్తుంది, ఎక్సెల్‌లోకి దించుకున్న ఆఫీసరు ఇంకోలా చూస్తాడు, మొబైల్ యాప్ మూడోలా చెప్తుంది, ఎందుకంటే షరతు మూడు చోట్ల మూడు రకాలుగా రాసి ఉంది. రైతు మధ్యలో నిలబడి మూడు అంకెలు వింటాడు. అందుకే "ఈ బోరు ఏ రంగు" లాంటి నిర్ణయం డేటాబేసులోనే, ఒక వ్యూలో (పేరు పెట్టి దాచిన క్వెరీలో), ఒక్కసారి రాసి ఉండాలని నేనంటాను. స్క్రీను మీద ఆ రంగును ఎలా వెలిగించాలో అప్లికేషన్ చూసుకోవచ్చు.

ఏ కేస్ రాసినా నేను ఒక పని చేస్తాను. దాని మీద గ్రూప్ బై (ఒకే జవాబు వచ్చిన వరుసలను ఒకచోట చేర్చేది) వేసి ముక్కలన్నీ లెక్కపెట్టి, మొత్తం వరుసలతో సరిపోయిందా చూస్తాను. ఎల్స్‌లో ఎన్ని పడ్డాయో ప్రత్యేకంగా చూస్తాను, అందులో నుంచి ఓ ఇరవై వరుసలు తీసి ఒక్కొక్కటీ చదువుతాను. విసుగు పనే. కానీ ఆ మ్యాపు గీసిన రోజు ఈ పని చేసి ఉంటే, ఆ పచ్చచుక్కల్లో ఖాళీ గడులు నాకే కనపడేవి, ఆ పెద్దాయన కర్ర ఎత్తాల్సిన అవసరం ఉండేది కాదు.

తర్వాత ఆ మ్యాపు మళ్లీ గీశాం. మొదటి వెన్ "ఫ్లోరైడ్ ఈజ్ నల్ దెన్ 'బూడిద'". బూడిదరంగు చుక్కలు చూసి సంస్థలో కొందరికి నచ్చలేదు, ఇన్ని తెలియవని చెప్పుకుంటే ఏం బాగుంటుంది అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ బూడిద చుక్కలను పట్టుకునే తర్వాతి వారం శాంపిల్ సీసాలు ఏ ఊరికి ఎన్ని పంపాలో లెక్క వేసుకున్నాం, అంతకుముందు ఆ లిస్టు మా దగ్గర లేనే లేదు.

మ్యాపు పట్టుకుని మళ్లీ వెళ్లినప్పుడు ఆ పెద్దాయన బోరు శాంపిల్ తీసి ఉంది, చుక్క ఎర్రగా ఉంది. ఆయన కాసేపు చూసి, పక్క వీధి బోరు పచ్చచుక్క మీద కర్ర పెట్టాడు. "ఇది చూసిన్రు సరే. ఏ కాలంల చూసిన్రు? ఎండకాలం నీళ్లు అడుగుకు పోయినప్పుడు చూసిన్రా, వానలు పడ్డంక చూసిన్రా?" శాంపిల్ తేదీ గడి మా టేబుల్‌లో ఉంది, నా కేస్‌లో మాత్రం ఎక్కడా లేదు. ఆ రాత్రి ఇంకో వెన్ రాశాను, శాంపిల్ తీసి ఏడాది దాటితే 'పాత ఫలితం' అని, దాన్ని పచ్చ కన్నా పైన పెట్టాను.